పక్కన నడిచే భుజం

ఏటిగడ్డపల్లె, పుత్తూరు తాలూకా
16 ఫిబ్రవరి 1981

చి. పంకజాక్షికి దొరస్వామి మామ దీవిస్తా రాసేది.

అది కాదు పాపా, నేను పడిపోయినానని మీ అత్త కుప్పమ్మ ఊరంతా చెప్పుకోని తిరగతా ఉండాది. నేను పడలా. పడింది వరదయ్య. నేను పట్టుకున్నా. ఈ రెండిటికీ తేడా తెలియకుండానే ముప్పై ఏండ్లు నాతో కాపరం చేసింది.

జరిగింది విను. రథసప్తమి నాడు మన వరదరాజస్వామిని సూర్యప్రభ వాహనం మీద పెట్టుకోని తెల్లారే వీధిలోకి వచ్చినాం. పదహారు మందిమి మోస్తా ఉండాం. మోసే కొయ్యల్లో ముందు కుడి దండె నాదని నీకు తెలుసు. ఎవరో పుణ్యాత్ముడు అరటితొక్క పారేసినాడు. దాని మీద వరదయ్య కాలు పడింది. వాడు జారె, వాహనం ఒరిగె. వరదయ్య మోసే బరువు, వాడి వెనకోడి బరువు, స్వామి బరువు, పైన నిలబడిన పూజారయ్య బరువు (ఆయన లడ్డును లెక్కపెట్టకుండా తినే మనిషి), అన్నీ కలిసి నా కుడి భుజం మీదికి వచ్చినాయి. కొత్త గుడ్డ చించినట్ల పర్రుమనింది. స్వామి గొడుగు కూడా వంగలా. నా చెయ్యి మాత్రం ఇంక పైకి లేవలా. అన్నం ఎడమ చేత్తో తింటా ఉంటే మీ అత్త మొహం తిప్పుకుంటా ఉండాది.

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ కాడికి పోతే, "ఎముక రాయి మాదిరి ఉండాది. చిరిగింది కండ. దీనికి కట్టు కాదు, ఓపిక కావాల" అన్నారు. ఓపిక ఏ అంగట్లో అమ్ముతారో చెప్పలా.

వైశాఖంలో గరుడ సేవ. గట్టిగా మూడు నెల్లు. మన ఊరి కట్టుబాటు నీకు తెలిసిందే. ఒక్కో చోటు ఒక్కో ఇంటిది. దండె కింద భుజం పెడితే, హారతికి ఆగినప్పుడు తప్ప, స్వామి తిరిగి గుడి చేరేదాకా తీసేది లేదు, మారేది లేదు. ఆ పొద్దు మోయలేకపోతే ఆ చోటు పోయినట్లే. ఇరవై ఏడేండ్లు మోసినా. ఇప్పుడు నా బామ్మర్ది మునిరామయ్య పలకరించేదానికి రోజూ వస్తా ఉండాడు. ఎద్దును బేరం చేసేవాడు పండ్లు చూసినట్ల, నా మొహం చూడకుండా భుజం చూసి పోతా ఉండాడు.

నువ్వు మద్రాసులో కండల మీదనే కదా చదివేది. ఎలకల కాళ్ళు నలగ్గొట్టి చూస్తావని మీయమ్మ చెప్పింది. వినాయకుడి వాహనంతో నీకేం పగ అని నేను అడగను. ఒక్కటే చెప్పు. యాభై నాలుగేండ్ల కండ చిరిగితే మళ్ళా అతుక్కుంటుందా, లేదా?

ఎడమ చేత్తో రాసినందుకు అక్షరాలు తాగినట్ల ఉండాయి. నేను తాగలా.

మీ మామ,
దొరస్వామి


మద్రాసు
24 ఫిబ్రవరి 1981

మామా,

నీ తాగిన అక్షరాలను హాస్టల్లో నలుగురం కూర్చుని చదివాం. మిగతా ముగ్గురూ నిన్ను చూడడానికి మన ఊరికి వస్తామంటున్నారు. ముందు నీ ప్రశ్నకు జవాబు: అతుక్కుంటుంది.

కండ అంటే సన్నటి పోగుల కట్ట అనుకో. ఒక్కో పోగు పక్కనే, దాన్ని కప్పిన తొడుగు కింద, చిన్న చిన్న కణాలు ముడుచుకుని పడుకుని ఉంటాయి. ఏళ్ళ తరబడి అవి ఏ పనీ చేయవు. పోగు మోస్తూ ఉంటే పక్కన నిద్రపోతాయి. పోగు తెగిందో, అప్పుడు లేస్తాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఈలోగా వేరే కణాలు వచ్చి తెగినచోట చెత్త ఊడ్చిపోతాయి. తర్వాత ఇవి వరసగా చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త పోగవుతాయి. మేము ఎలకకు మత్తిచ్చి కాలి కండ కాస్త నలుపుతాం, విరగ్గొట్టం. మూడు వారాలు పోయాక చూస్తే ఏది పాత కాలో ఏది కొత్త కాలో నాకే తెలియదు. నువ్వు ఎలకవు కాదు కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఆ కణాలు ఎంత సోమరులంటే దెబ్బ తగిలితే గానీ లేవవు. మన పెద్దన్న మాదిరి.

మూడు వారాలు చేయి కదపకు. ఆ తర్వాత చెంబెడు నీళ్ళు ఎత్తడంతో మొదలుపెట్టు. నేనే వచ్చి చూసేదాన్ని గానీ ఈ నెల మాకు ఎలకలు తక్కువొచ్చి పని నత్తనడక నడుస్తోంది.

పడింది వరదయ్యేనని నేను నమ్మినట్టు అత్తకు చెప్పు.

పంకజ


ఏటిగడ్డపల్లె
8 మార్చి 1981

పాపా,

నీ ఉత్తరం రచ్చకట్ట మీద రెండుసార్లు చదివించుకున్నారు. మన ఒంట్లో ఇంత మంది పనిలేకుండా పడుకోని ఉండారని తెలిసి ఊరంతా సంబరపడింది. సోమరిపోతని పెండ్లాం తిట్టినోళ్ళంతా, "ఒంట్లో ఉండేవాళ్ళే అట్ల ఉంటే నేనేం చేసేది" అని జవాబు చెప్తా ఉండారు.

నువ్వు చెప్పినట్లే చేస్తా ఉండా. దెబ్బ తగలకపోతే లేవరంటివే, అందుకని రోజూ తెల్లారే మునిరామయ్యను పిలిచి భుజం మీద పది దెబ్బలు కొట్టించుకుంటా ఉండా. ఈ పనికి వాడికంటే ఇష్టంగా వచ్చేవాడు ఊళ్ళో లేడు. పదంటే పన్నెండు కొడతాడు. "బావా, లెక్క తప్పింది, మళ్ళా మొదులు పెడతా" అంటాడు.

దెబ్బతో లేవని మొండివాళ్ళు ఉంటారు కదా. వాళ్ళ కోసం చిన్నబ్బకు చెప్పినా. గుళ్ళో స్వామిని లేపేదానికి నాదస్వరం ఎత్తుకోని మన ఇంటి ముందరే కదా పోయేది. దోవలో మన అరుగెక్కి నా భుజానికి ఎదురుగా ఒక్క నిమిషం భూపాలం వాయించి పోతా ఉండాడు. నా కండలు లేచినాయో లేదో తెలీదు గానీ మూడిండ్ల అవతల ఉండే భారతమ్మ లేచి వచ్చి చిన్నబ్బను నోటికొచ్చినట్ల తిట్టింది. మన కోడి కూయడం మానేసింది. దాని పని వేరేవాడికి ఇచ్చినామని అలిగినట్లుండాది.

ఇంకో మాట. ఎలకలు తక్కువని రాసినావే, మీ పట్నమోళ్ళు వేరుశెనగ అంటారే, ఆ చేనికాయల చేని గట్ల కింద వాటికి కొదవా? మంచి మంచివి చూసి నాలుగు పట్టినా. బుట్టలో పెట్టి, మూత కట్టి, గాలికి తూట్లు పెట్టి, మద్రాసు బస్సు కండక్టరుకిచ్చినా. బుట్టలో ఏముండాదని అడిగితే పరిశోధన అని చెప్పినా. మీ అత్త అదే బుట్ట మీద మురుకుల డబ్బా కట్టింది. డబ్బా నీకు, బుట్ట మీ అయ్యవారికి. మార్చి ఇయ్యొద్దు.

మీ మామ


మద్రాసు
15 మార్చి 1981

మామా!

డబ్బా మాత్రమే క్షేమంగా చేరింది. బుట్టలో నాలుగు ఉండాలి కదా, రెండే ఉన్నాయి. మిగతా రెండూ బస్సులోనే ఎక్కడో దిగిపోయాయి. చేరిన రెండిటిలో ఒకటి హాస్టలు వరండాలో మూత కొరుక్కుని బయటపడి, మా వార్డెనమ్మ ఆరవేసిన పట్టుచీర అంచు తినేసింది. మేము వాడేవి పుట్టిన తేదీతో సహా తెలిసిన తెల్ల ఎలకలు. నీవి చేనికాయలు తిని పెరిగిన రౌడీలు. వాటికి మత్తివ్వడం కాదు, అవే మాకు ఇచ్చేట్టున్నాయి. రెండిటినీ తోటలో వదిలేశాం. దయచేసి ఇక పంపకు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు దండం పెడతాను, ఆ కొట్టించుకోవడం ఆపు! ఉన్న దెబ్బకే అవి ఎప్పుడో లేచి పనిలో ఉన్నాయి. అతికేచోట మళ్ళీ కొడితే మళ్ళీ తెగుతుంది. పైగా అన్నీ పనిలోకి రాకూడదు మామా. కొన్ని తిరిగి పక్కకు పోయి పడుకోవాలి. అన్నీ పోగులో కలిసిపోతే రేపు మళ్ళీ తెగినప్పుడు లేచేవాళ్ళే ఉండరు. వయసైన ఎలకల్లో ఈ నిద్రపోయే కణాలు తక్కువ, లేవడం కూడా ఆలస్యమని చెబుతారు. నీ వయసులో ఉన్నవాటిని వృథా చేసుకోవద్దు.

చిన్నబ్బ వాయిస్తే వాయించనీ. దానివల్ల నష్టం భారతమ్మకే.

కోపంగా,
పంకజ


ఏటిగడ్డపల్లె
29 మార్చి 1981

పాపా,

నీ ఉత్తరం ఈసారి రచ్చకట్ట మీద చదివించలా. నేనొక్కడినే చదువుకున్నా.

లెక్క వేసుకున్నా. ఇరవై ఏడేండ్లు. ఏడాదికి తొమ్మిది వాహనాలు. మోసిన ప్రతిసారీ మర్నాడు భుజం వాచేది, నాలుగు నాళ్ళకు తగ్గేది. తగ్గిన ప్రతిసారీ ఒక పిడికెడు మంది లేచి పనిలోకి పోయినట్లే కదా. పోయినోళ్ళు పోయినట్లే. గాదె అడుగున ఎన్ని గింజలు మిగిలుంటాయి? మిగిలిన ఆ నాలుగింటిని కూడా మునిరామయ్య చేత కొట్టించి లేపేసినా. వాడి తప్పు లేదు, పిలిచింది నేనే.

అందుకే నిన్న నా భుజం మెత్త, మీ అవ్వ పాత చీరతో కుట్టిందే, అది తీసకపోయి మునిరామయ్యకు ఇచ్చేసినా. "గరుడ సేవకు ముందు కుడి దండె నువ్వు పట్టరా" అన్నా. వాడు పాపం నవ్వుదామని నోరు తెరిచి, నవ్వలేక మూసుకున్నాడు. "ఊరికే ఉండు బావా" అన్నాడు. మెత్త మాత్రం తీసుకున్నాడు.

చెంబు ఎత్తలా. ఎత్తి ఏం చేసేది? మీ అత్త నేను పడిపోయినానని చెప్పడం మానేసింది. అదొక్కటే బాగలేదు పాపా. ఆమె తిడతా ఉంటే ధైర్యంగా ఉండేది.

నువ్వు బాగా చదువుకో. నాలుగు ఎలకలు పంపినందుకు మీ వార్డెనమ్మకు నా క్షమాపణ చెప్పు.

దొరస్వామి


మద్రాసు
2 ఏప్రిల్ 1981

మామా మామా,

తప్పు నాది. కోపంలో సగమే రాశాను. ఇది అందిన వెంటనే చదువు, చదివి నేరుగా మునిరామయ్య మామ ఇంటికి పోయి మెత్త వెనక్కి తెచ్చుకో.

అవి గాదెలో గింజలు కావు, తీసేకొద్దీ తరిగిపోవడానికి. నువ్వు ఏటా చేనికాయలు వలిచేటప్పుడు ఏం చేస్తావు? అన్నీ గానుగకు పంపుతావా? మంచివి చూసి విత్తనానికని పక్కన కుండలో పోస్తావు. మరుసటి ఏడు వాటి నుంచే పంట, ఆ పంటలో మళ్ళీ విత్తనం. ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నావు, నీ విత్తనం అయిపోయిందా? ఈ కణం కూడా అంతే. లేచినప్పుడు రెండవుతుంది. ఒకటి పనికి పోతే ఇంకొకటి విత్తనంగా పక్కన మిగిలిపోతుంది. నువ్వు మోసిన ప్రతిసారీ పంటా వచ్చింది, విత్తనమూ మిగిలింది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మొన్న మంగళవారం కళ్ళారా చూశాను. రెండయ్యే కణాలకు గుర్తు పడేటట్టు చేసే మందొకటి ఉంది. నలిపిన కండకు అది ఇచ్చి, పూర్తిగా మానిపోయేదాకా ఆగి చూశాను. గుర్తున్నవి చాలావరకు పోగుల లోపల ఉన్నాయి. కానీ కొన్ని, మామా, కొన్ని పోగు పక్కన, తొడుగు కింద, ఏమీ ఎరగనట్టు ముడుచుకుని పడుకుని ఉన్నాయి! పని చేసి వచ్చి పడుకున్నాయి! మా ప్రొఫెసరు గారిని పిలిచాను. ఆయన చాలాసేపు చూశారు. బయటికి పోయి తన చేత్తో నాకు కాఫీ తెచ్చారు. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

వయసైతే ఆలస్యంగా లేస్తాయన్నది నిజమే. ఆలస్యమంటే రాకపోవడం కాదు. మద్రాసు బస్సు మాదిరి. రేపే చెంబెత్తు. నాలుగు రోజులు పోయాక బిందె. నొప్పి పుడితే దించు.

ఒకటి అడుగుతాను, తిట్టొద్దు. చిన్నప్పుడు నాయన నన్ను తిరుచానూరుకు తీసుకుపోయినప్పుడు చూశాను. అక్కడ అమ్మవారి వాహనం పక్కనే కొందరు ఖాళీ భుజాలతో నడుస్తుంటారు. ఎవరైనా అలిసిపోతే దూరిపోతారు. మన ఊళ్ళో ఎందుకు లేరు? వరదయ్య జారినప్పుడు అట్లాంటివాడు ఒక్కడుంటే నీ భుజం చిరిగేదా? మన పదహారు మందికీ విత్తనం లేదు మామా.

పంకజ


ఏటిగడ్డపల్లె
26 ఏప్రిల్ 1981

అమ్మా పంకజా, నా బంగారు తల్లీ,

చెంబు అయింది. బిందె అయింది. బిందె ఎత్తుకోని బాయి కాడినుంచి వస్తా ఉంటే ఆడోళ్ళు దోవ ఇచ్చి నవ్వినారు. నవ్వనీ. మొన్న అరమూట విత్తనాల కాయలు ఎత్తి నిలబెట్టినా. భుజం గొణిగింది గానీ అరవలా. నీ సోమరులు ఆలస్యంగా లేచినా ఒళ్ళు దాచుకునేవాళ్ళు కాదు.

మెత్త కోసం పోతే మునిరామయ్య, "బావా, దాన్ని తలకింద పెట్టుకోని పడుకుంటా ఉండా, మంచి నిద్ర వస్తా ఉండాది" అన్నాడు. ఉంచుకోమన్నా. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో నీ మాట దూరి తిరగతా ఉండాది. పదహారు మందికీ విత్తనం లేదు. ఇరవై ఏడేండ్లలో నాకు తట్టలా, ఎలకల కాడ కూర్చున్న నీకు తట్టింది.

పోయిన ఆదివారం గుడి ముందర పంచాయితీ పెట్టించినా. గరుడ సేవకు నలుగురు ఖాళీ భుజాలతో పక్కన నడవాల, ఎవరికి అవసరమైతే వాళ్ళ కింద దూరాల, మారినోడి చోటు పోదు, అని చెప్పినా. పెద్ద రచ్చ. వరదయ్య అయితే ఎగిరి పడినాడు. "ఖాళీగా నడిచేవాడు మొగోడా? ఉత్త చేతులు ఊపుకుంటా స్వామి పక్కన పోతే పెండ్లాం అన్నం పెడుతుందా?" అన్నాడు. జారింది తనే అని మర్చిపోయినాడు.

అప్పుడు గోడ అవతలినుంచి మీ అత్త గొంతు లేచింది. "మేము బిందె మోసేటప్పుడు ఒకరికొకరం మార్చుకుంటాం. మా పరువేం బాయిలో పడలా. మీరు మొగోళ్ళయిపోయి భుజాలు చించుకోని ఎడమ చేత్తో తింటారు!" అనింది. పాపా, ఆమె తిట్టింది. నెల నాళ్ళ తర్వాత తిట్టింది. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

అందరూ నవ్వినారు గానీ ఖాళీగా నడిచేదానికి ఒక్కడూ లేవలా. నేను లేచినా. "ముందు కుడి దండె మునిరామయ్యది. మొదటి ఖాళీ భుజం నాది. నవ్వేవాళ్ళు ముందు నన్ను చూసి నవ్వండి" అన్నా. రచ్చ చల్లబడింది. కాసేపటికి చిన్నబ్బ తమ్ముడు లేచినాడు. ఆనక ఇంకో ఇద్దరు.

ఇంటికి వస్తా ఉంటే కాళ్ళు నేల మీద నిలవలా పాపా. ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది నేనేం చేసినానో. ఇరవై ఏడేండ్ల చోటు నా నోటితో ఇచ్చేసినా. ఆ పొద్దు ఎవరూ అలిసిపోకపోతే, ఎవరూ పిలవకపోతే, నేను ఊరి చుట్టూ చేతులూపుకుంటా తిరిగి ఇంటికొస్తా. ఇంక జన్మలో దండె కింద భుజం పెట్టనేమో.

అయినా మాట ఇచ్చేసినా. నువ్వు వస్తావా?

మీ మామ


మద్రాసు
6 మే 1981

మామా,

రాలేను. ఆ వారమే నా ఎలకలకు మూడు వారాలు నిండుతాయి. అవి గరుడ సేవకు సెలవివ్వవు.

మొన్న మా డిపార్టుమెంటులో అందరి ముందూ మాట్లాడాల్సి వచ్చింది. చెప్పవలసిన పెద్ద మాటలన్నీ మర్చిపోయాను. అప్పుడు నిన్ను తలుచుకుని, "మా మామ ఊరేగింపులో ఖాళీ భుజంతో నడుస్తాడు, ఈ కణం పని కూడా అదే" అని మొదలుపెట్టాను. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మా ప్రయోగశాలలో అందరూ ఆ కణాలను మామలు అంటున్నారు. నిన్న ప్రొఫెసరు గారు సూక్ష్మదర్శినిలో చూస్తూ, "ఇక్కడ ఇంకో మామ పడుకున్నాడు" అన్నారు.

పిలుపు వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా ఆ పూటే నాకు రాయి. ఇంటికి పోయాక కాదు, స్వామి పక్కన కూర్చునే.

నీ పంకజ


గరుడ సేవ, తూర్పు వీధి
17 మే 1981, సాయంత్రం

పాపా,

నువ్వు అడిగినావని ఉత్తరం కాయితం, కలం అంగీ జేబులో పెట్టుకోనే బయలుదేరినా. స్వామి ఇప్పుడు భారతమ్మ ఇంటి ముందర ఆగి ఉండాడు. హారతులు ఇస్తా ఉండారు. కింద దిమ్మెలు పెట్టి వాహనం ఆనించినారు. నేను అరుగు మీద కూర్చోని, మోకాలి మీద పెట్టుకోని రాస్తా ఉండా. కుడి చేత్తో. అక్షరాలు చూడు, ఒక్కటి కూడా తాగలా.

సగం ఊరు తిరిగినాం. మొదటి వీధిలో నవ్వినారు. "ఏం దొరస్వామీ, షికారా?" అన్నాడొకడు. రెండో వీధిలో చిన్నబ్బ తమ్ముడు వరదయ్య కింద దూరినాడు. వరదయ్య చొక్కాతో మొహం తుడుచుకోని, మజ్జిగ తాగి, మళ్ళా దూరినాడు. ఎవరి పెండ్లామూ అన్నం మానలా. మూడో వీధినుంచి నవ్వు ఆగిపోయింది.

నన్ను మాత్రం ఎవరూ పిలవలా. మునిరామయ్య పంతం మీద ఉండాడు. నా మెత్త వాడి భుజం మీద ఉండాది. మీ అవ్వ చీర అంచు నాకు కనపడతానే ఉండాది. నిజం చెప్తా విను, మోసేదానికంటే ఖాళీగా నడిచేదే బరువు పాపా. ఇన్నేండ్లూ స్వామిని నేను చూడనే లేదు. తల వంచుకోని నా కాళ్ళ ముందరి మట్టే చూసినా. ఈ పొద్దే తలెత్తి చూసినా. గరుడుడి ముక్కు కొంచెం వంకర. ఇరవై ఏడేండ్లు మోసి నాకు తెలీదు.

మీ అత్త ఇప్పుడే వచ్చి, "నొప్పిగా ఉండాదా?" అనింది. లేదంటి. "మరి మొహం ఎందుకట్ల ఉండాది?" అనింది. నీ సోమరుల సంగతే ఆలోచిస్తా ఉండా అని చెప్పినా. వాళ్ళు నిద్రపోతారని రాసినావే, అది నువ్వు సరిగ్గా చూసినట్ల లేదు. కండ్లు మూసుకోని ఉంటారేమో గానీ, చెవులు రిక్కించుకోనే ఉంటారు. మళ్ళీ చూడు.

ముందర ఇంక గుడి మెట్ట ఎక్కేది ఉండాది. అదొక్కటే కష్టం. హారతి అయిపోయింది. దిమ్మెలు తీస్తా ఉండారు. గోవిందా అంటా ఉండారు. లేచింది వాహనం. మునిరామయ్య కాళ్ళు కొంచెం వణికినట్ల అనిపించింది, నా భ్రమ కావచ్చు. కాదు, వణకతానే ఉండాయి. తలకాయ ఇటు తిప్పినాడు. వెతకతా ఉండాడు. నన్నే. "బావా! భుజం!" అంటా ఉండాడు పాపా, అందరూ వినేటట్ల అంటా ఉండాడు, ఈ కలం యాడ పెట్టేది, మీ అత్త వాడి భుజం మీది మెత్త తీసి నాకు చాపతా ఉండాది, ఉండు, నేను